మోర్తన్ తల తిరుగుడు

పళ్ల డాక్టరు కుర్చీలో మోర్తన్ వెనక్కి వాలేలోపు ఒక గొర్రెను పట్టుకుని, ఉన్ని కత్తిరించి, మళ్లీ కొండ మీదికి తోలేయొచ్చు. ఆయనకు తల తిరుగుడు. అలాగని ఆయనే చెప్పాడు, మేం నమ్మాం. మా ఫారో దీవుల్లో పన్ను నొప్పి అని చెప్పుకోవడమే నామోషీ. తల తిరుగుతోందని వీధిలోకి వినబడేలా అరిచిన మగాణ్ణి ఈయనొక్కణ్ణే చూశాను.

"వదులు! బెత్తెడు... ఆపు!" అని అరిచేవాడు. కొండ అంచు నుంచి మనిషిని తాడుతో దించేటప్పుడు వేసే కేకలవి. "ఇప్పుడు నలభై దాకా లెక్కపెట్టు."

"మోర్తన్ మామా, ఇది కుర్చీ, కొండ కాదు," అనేవాడు డాక్టర్ రేగిన్.

"పడేవాడికి ఏదైతేనేం డాక్టరూ? మెడ కింద దిండు పెట్టు. ఆ దీపం పక్కకి తిప్పు. రాకుల్, నువ్వు ఎదురుగా నిలబడమ్మా. నీ ముక్కు చూస్తూ పడుకుంటా. అదొక్కటే ఈ గదిలో కదలంది."

ఇరవై రెండేళ్లు ఆ గదిలో పనిముట్లు అందించినందుకు నాకు దక్కిన గౌరవం అదీ.

లేచేటప్పుడూ అదే తంతు. కూర్చున్నచోటే ఒక పాట మొత్తం పాడాకే కాలు నేల మీద పెట్టేవాడు. పళ్లన్నీ రాయిలా ఉన్నా మూడు నెలలకోసారి తప్పకుండా వచ్చేవాడు. "ఇంకోసారి అరిస్తే పేరు కొట్టేస్తా," అని డాక్టరు బెదిరించేవాడు. ఆయన వినేవాడు కాదు.

బయట కారులో ఆయన చెల్లెలు మాలన్ కూర్చుని మా కిటికీ వైపే చూసేది. తల తిరిగే అన్నను ఇంటికి చేర్చాలి కదా అనుకున్నాను. చెంపకెప్పుడూ ఉన్ని గుడ్డ కట్టుకునేది. చలి కాబోలు అనుకున్నాను. అనుకోవడంలో నాకు సాటి లేరు.

మొన్న సెప్టెంబరులో గొర్రెలు తోలడానికి అందరితో పాటు నేనూ కొండెక్కాను. అంచు కింద ఒక గొర్రె ఇరుక్కుంది. ఎనిమిది మంది తాడు పట్టుకున్నారు. సముద్రం మీద వేలాడుతూ, చంకలో గొర్రెతో, హాయిగా ఈల వేసుకుంటున్నది ఎవరు? మా తల తిరుగుడు మోర్తన్!

నా ఒళ్లు మండిపోయింది. పైకి రాగానే నిలదీశాను. "మూడేళ్లు నా ముక్కుతో ఆడుకున్నావా? అసలు నీకేం రోగం?"

"నాకేం లేదమ్మా. మాలన్‌కి." గొర్రెను కింద దించాడు. "తొమ్మిదేళ్ల క్రితం కుర్చీ ఒక్కసారిగా వాల్చేశారు. తల తిరిగి డాక్టరు కోటు మీదే కక్కుకుంది. ఆ సంగతి ఎవరో రొట్టెల కొట్లో చెప్పారు. అప్పట్నుంచి ఒక పక్కనే నములుతోంది. నెమ్మదిగా దించమని అడగవే అంటే చచ్చినా అడగదు. అందుకని నేనడిగా. కిటికీలోంచి చూసి చూసి, ఇప్పటికి వస్తానంది."

ఆ ఎవరో నేనే. నవ్వుతూ చెప్పాను, నలుగురూ నవ్వారు. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"నాకు చెవిలో ఓ మాట చెప్పొచ్చుగా మామా?" అన్నాను.

"రొట్టెల కొట్లో చెబుతావని," అన్నాడు మోర్తన్, తాడు చుట్టుకుంటూ.

తర్వాతి సోమవారం అన్నకిచ్చిన వేళకు చెల్లెలొచ్చింది. చెంప గుడ్డ విప్పి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నోరు తెరిచి ఏమీ అడగలేదు. డాక్టరే దిండు పెట్టాడు, దీపం తిప్పాడు. కుర్చీని బెత్తెడు వాల్చి ఆపాడు. ఎవరూ అడక్కుండానే పెదవుల్లో లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాడు. మూడేళ్ల అరుపులకు చెయ్యి అలవాటుపడిపోయింది.

నేను వెళ్లి ఎదురుగా నిలబడ్డాను. "మాలన్, నా ముక్కు చూడు. అది కదలదు."

"మరి నోరో?" అంది మాలన్.

"అది కూడా," అన్నాను.

పన్ను తీశాక లేచి కూర్చుని, దూది కరుచుకునే పాట మొత్తం పాడింది. అన్న కన్నా ఘోరం. డాక్టరూ నేనూ చివరిదాకా విన్నాం.

ఈ సంగతి రొట్టెల కొట్లో ఇప్పటికీ చెప్పలేదు. మీకు చెబుతున్నది మాలన్‌ని అడిగాకే.