పొల్లు వెనక దాక్కున్నది

మా మామయ్య పాలు కొంటే ముందు ఒక చుక్క గోటి మీద వేసుకుని చూస్తాడు. తలుపుకు తాళం వేసి, లాగి చూసి, వీధి మలుపు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి లాగుతాడు. "నీ నీడ వెనకాల వస్తుంటే దాన్ని కూడా ఎవరు నువ్వని అడిగే రకం రా నువ్వు" అంటుంది వాళ్ళక్క, అంటే మా అమ్మ. వీధిలో అందరూ ఆయన్ని 'అనుమానం' అనే పిలుస్తారు. లోకంలో ఆయన అనుమానించనిది ఒక్కటే, తను రాసిన ప్రోగ్రాం.

అమ్మ ఇస్త్రీ చేసే లాండ్రీకి ప్రోగ్రాం రాసిచ్చింది మామయ్యే. బడి మానేసినప్పటి నుంచి నేనూ అక్కడే, వెనక గదిలో, ఇస్త్రీ బట్టలకు నల్ల కవర్లు తొడిగి అంచులు అతికిస్తుంటాను. కవరు మీద కొక్కెం నంబరు తప్ప పేరుండదు. పేరు, అంటే ప్లంబర్, టైలర్ అని వీధిలో పిలిచే పేరే, కంప్యూటర్లో ఉంటుంది. "పేరు తాళంచెవి. నంబరు పెట్టెలో వస్తువు. సరైన చెవి పెడితే వస్తువు చేతికొస్తుంది, గదంతా వెతకక్కర్లేదు" అని మామయ్య నాకు చెప్పాడు. బట్టలు ఇచ్చేయగానే పేరు చెరిగిపోతుంది. అందుకని, అడిగిన పేరు లేకపోతే తెర మీద 'ఇచ్చేశాం' అని పడేలా రాశాడు.

మొదట ప్లంబర్ ప్యాంట్లు పోయాయి. తర్వాత టైలర్ చొక్కాలు. రెండుసార్లూ తెర 'ఇచ్చేశాం' అంది. అప్పటి నుంచి ఓనరు, అమ్మ ఇంటికి బయల్దేరేటప్పుడు ఆమె సంచి వైపు ఓరగా చూసేవాడు.

ఆ మధ్యాహ్నం ఫొటోగ్రాఫర్ కోటు కోసం వచ్చాడు.

"ఇచ్చేశామండీ" అన్నాడు ఓనరు తెర చూసి.

"ఎవరికి? నా కోటు దానంతటదే ఇంటికి నడిచొచ్చిందా?"

ఓనరు లోపలికి తిరిగాడు. "చూడమ్మా, మిషను అబద్ధమాడదు. సాయంత్రంలోగా కోటు కనబడాలి. లేదంటే రేపట్నుంచి రావద్దు."

"కవర్లన్నీ విప్పి చూద్దామండీ."

"అతికించినవన్నీ విప్పితే, వాళ్ళందరికీ నేనేం చెప్పుకోను?"

అమ్మ మామయ్యకు ఫోన్ చేసింది. ఆయన వచ్చి పేరు కొట్టాడు. 'ఇచ్చేశాం.' మళ్ళీ కొట్టాడు. అదే. అక్క ముఖం చూడకుండా, "ప్రోగ్రాం బాగానే ఉందక్కా. నువ్వే ఒకసారి గుర్తు తెచ్చుకో. వేరే ఎవరికైనా..." అన్నాడు.

"పాలవాడయ్యాడు, తాళమయ్యింది. ఇప్పుడు నా వంతా?"

అమ్మ గొంతు పెంచలేదు. నాకు అందుకే భయమేసింది.

నా అనుమానమంతా ఓనరు మీద. మామయ్యను వెనక గదిలోకి పిలిచి మెల్లగా చెప్పాను. "పోయినవన్నీ ఆయన ఇళ్ళకెళ్ళి తెచ్చినవే మామయ్యా. కౌంటర్ దగ్గర తీసుకున్నది ఒక్కటీ పోలేదు."

"ఇళ్ళ దగ్గర పేరు ఎలా ఎక్కిస్తాడు?"

"తన ఫోన్లో."

మామయ్య కళ్ళు చిన్నవయ్యాయి. తాళం లాగేటప్పటి చూపు అది. కానీ అది ఓనరు వైపు పోలేదు, కంప్యూటర్ వైపు పోయింది. లోపలున్న పేర్లన్నీ తెర మీదకు రప్పించాడు. అందులో 'ఫొటోగ్రాఫర్' ఉంది! దాని పక్కన తను మళ్ళీ 'ఫొటోగ్రాఫర్' అని కొట్టాడు. కంటికి రెండూ ఒకటే. ఒక్కో పేరులో ఎన్ని గుర్తులున్నాయో కంప్యూటర్నే లెక్కపెట్టమంటే, ఫోన్లో ఎక్కించినదానికి ఒకటి ఎక్కువ వచ్చింది.

"పొల్లు!" అన్నాడు. "పేరు చివర పొల్లు వస్తే, ఆ ఫోను దాని వెనక కనబడని గుర్తొకటి తగిలిస్తోంది. మనకు అదే పేరు. దీనికి వేరే తాళంచెవి."

"అందుకేనా డాక్టరమ్మ చీరలు, ఇంటి నుంచి తెచ్చినవే అయినా, ఎప్పుడూ పోలేదు? ఆ పేరు చివర పొల్లు లేదుగా" అన్నాను.

ఆయన చెప్పిన కొక్కెం నుంచి కవరు నేనే తెచ్చాను. కోటు అందులోనే ఉంది. ప్లంబర్ ప్యాంట్లు, టైలర్ చొక్కాలు కూడా వాటి కొక్కేలకే దొరికాయి.

"అయితే మిషను అబద్ధమాడిందన్నమాట" అన్నాడు ఓనరు.

"లేదండీ. నేను చెప్పమన్నది పొల్లు పోకుండా చెప్పింది. పేరు కనబడకపోతే ఇచ్చేశామనమన్నది నేనే."

మామయ్య కూర్చుని ఆ దొంగగుర్తును తీసేసే ఏర్పాటు చేశాడు. తర్వాత 'ఇచ్చేశాం' చెరిపి, 'ఈ పేరు నా దగ్గర లేదు' అని రాశాడు.

"ఆ ముక్కే, నాకు తెలియదక్కా అని, మధ్యాహ్నం నువ్వు అనుండాల్సింది" అంది అమ్మ ఇస్త్రీ ఆపకుండా.

కొట్టు కట్టేసే వేళకు అమ్మ తన సంచి తెచ్చి, దాని మూతి బార్లా తెరిచి ఓనరు ముందు పెట్టింది. ఆయన తల తిప్పుకున్నాడు.

"సంచి నేను మోస్తాలే అక్కా" అన్నాడు మామయ్య.

"వద్దులే. అందులో ఏముందోనని దారంతా అనుమానపడి చస్తావు."