నంజప్ప దిద్దిన గీత

మనవరాలు గోళ్లరంగు సీసా మూత తిప్పినప్పుడల్లా నేను చదువుతున్న పేపరు పక్కన పెట్టేస్తాను. ఆ తీపి ఘాటు ముక్కుకు తగలగానే అరవై ఏళ్ల కిందటి హిందూపురం సందు, అందులో నల్లకారు, కారు పక్కన గొంతుకూర్చున్న నంజప్ప కళ్లముందుకొస్తారు. "వేసుకుంటావా తాతా?" అని నవ్వుతుంది. "నేనూ ఒకప్పుడు వేశానమ్మా, కారుకు" అంటాను. నమ్మదు.

నంజప్ప వేరుశనగ మిల్లు సెట్టిగారి డ్రైవరు. నేను హైస్కూల్లో తెలుగు పంతులును. మావి పక్కపక్క గదులు. మిల్లులో పొట్టు ఎగురుతుందని కారును తన గది ముందే నిలుపుకునేవాడు. సెట్టిగారు కూతురి పెళ్లి చీరలకని రైల్లో ధర్మవరం బయల్దేరుతూ, "ఆరో దినం వస్తా. పెనుకొండ స్టేషన్లో మగపెండ్లోళ్లను ఎక్కించుకుని రావల్ల. కారుమీద గీత పడిందంటే ఇంగ నువ్వు పనికి రావద్దు" అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం నంజప్ప కునుకు తీస్తుండగా నా కొత్త సైకిలు పెడలు కారు వెనక తలుపు మీద జానెడు గీత గీసింది. తరగతిలో గీతాశ్లోకాలకు గంటలకొద్దీ తాత్పర్యం చెప్పేవాణ్ని, ఈ గీతకు మాత్రం ఒక్క ముక్క చెప్పలేకపోయాను. వంటింట్లోకి పోయి శనగనూనె తెచ్చి పూశాను. గీత మాయమైంది. నా తెలివికి నేనే మురిసిపోయాను. సాయంత్రానికి సందులోని దుమ్మంతా ఆ నూనెకు అంటుకుని, గీత ఎక్కడుందో ఊరందరికీ తెలిసేట్టు చేసింది.

నంజప్ప దుమ్ము తుడిచి గీత చూసుకున్నాడు. తెల్లారి పాత సీసాలోని రంగును తీపి ఘాటు కొట్టే తిన్నరుతో పలుచన చేసి, సన్న కుంచెతో అద్దాడు. రంగు నిలవలేదు. చుక్కలు చుక్కలుగా వెనక్కి ముడుచుకుని అమ్మవారు పోసినట్టయింది. వేలితో రాసి వాసన చూశాడు.

"ఏమయ్యోరూ, కారుకు ఎవరో తిరగవాత పెట్టినట్లుండారే."

"పిల్లలెవరైనా అయ్యుంటారు నంజప్పన్నా."

"పిల్లోళ్లు గీసి పారిపోతారప్పా. నూనె పూసేది సదువుకున్నోళ్ల పని."

అప్పుడు ఒప్పుకున్నాను. ఆయన కోప్పడలేదు. "గీత ఒక్కపూట పని. నూనె మూడుదినాల పని. నిన్ననే చెప్పింటే సరిపోతాండె" అని, గరుకుగా ఉండే ఉప్పుకాగితం నీళ్లలో నానబెట్టి నా చేతికిచ్చాడు.

ఆ మూడు రోజులూ పాఠాలు నావి కావు. నూనె మరకను సబ్బుతో, తిన్నరుతో కడగడం, దుమ్ము లేవకుండా సందంతా నీళ్లు చల్లడం, పలుచగా ఒక పూత, అది ఆరేదాకా కూర్చోవడం, మళ్లీ పూత. నాకు కూర్చోవడమే కష్టమైంది. "ఆరింది కదా" అంటే, "కండ్లు మూసుకుని వేలితో సూడండి. కండ్లు ఆత్రగాళ్లు" అనేవాడు. చివరికి ట్రంకుపెట్టె లోంచి ధర్మవరం పట్టుచీర ముక్క తీశాడు. "మా ఆడామెది. పెండ్లినాటిది. ఆయమ్మ పోయినాక దీనికింగ ఇదే పని" అంటూ, చంటిబిడ్డ ఒళ్లు తుడిచినంత మెత్తగా రుద్దాడు.

సెట్టిగారు వచ్చారు. తలుపు దగ్గర ఆగారు. "ఏం నంజప్పా, ఈడ మాత్రం మెరుపు జాస్తిగా ఉండాదే?"

"గీత పడిండె సామీ. సందుకు అడ్డంగా నిలిపింది నేనే. దిద్దినా."

నేను రెండడుగుల దూరంలోనే ఉన్నాను. నోరు తెరిచాను కూడా. రోజంతా సంధులు విడదీసే నోరు, ఆ సందులో మాత్రం పెగల్లేదు. సెట్టిగారు తలుపు మీద వేలు రాసి చూశారు. ఆ కాసేపట్లో నంజప్ప చేతిలోని పట్టుగుడ్డ ఉండలా నలిగిపోయింది. "కడమది కూడా ఇట్లే మెరిపించు మళ్ల. పెండ్లోళ్లు సూస్తారు" అని ఆయన లోపలికి పోయారు.

ఆ సాయంత్రం ఇద్దరం కారు మొత్తం రుద్దాం. "చెప్పలేకపోయాను నంజప్పన్నా" అన్నాను. "పొద్దు పోతాండాది, ఆ మూల తుడ్చండి" అన్నాడు.

తర్వాత నాకు ధర్మవరం బదిలీ అయింది. నంజప్ప అమరాపురంలో కొడుకు దగ్గరికి చేరాడు. ప్రతి సెలవుల్లో పోదామనుకోవడం, ఏదో ఒక సాకు పూసి దాటెయ్యడం. తీరా పోయేసరికి ఆయన పోయి ఏడాది. కొడుకు లోపలినుంచి పట్టుగుడ్డ తెచ్చి, "అయ్యోరు వస్తే ఇమ్మన్న్యాడు నాయన" అన్నాడు. వస్తానని ఆయన చివరిదాకా అనుకున్నాడన్నమాట.

ఆ గుడ్డతో ఇప్పుడు కళ్లద్దాలు తుడుచుకుంటాను. తుడిచాక కళ్లు మూసుకుని వేలితో చూస్తాను. ఆ రోజు నంజప్ప తన పేరే చెప్పుకున్నాడు, నా పేరు చెప్పలేదు. ఇన్నాళ్లకు నేనే చెబుతున్నాను సెట్టిగారూ, ఆ సైకిలు నాది. నూనె కూడా నాదే.