కుప్పం పడవ, అరువు బోయా

మా ఇంట్లో ఏది కొనాలన్నా నన్ను వెంటబెట్టుకుపోవడం ఒక ఆచారం. పెళ్లి చీరలకు తీసుకుపోయారు, ఇంటి స్థలానికి తీసుకుపోయారు, ఒకసారి ఆస్పత్రికి కూడా తీసుకుపోయారు. డాక్టరు ఆరు సూదులు రాస్తే నాలుగుకు ఒప్పించి వచ్చాను. రోగి మళ్లీ వారం రోజులు మంచం పట్టాడన్నది వేరే సంగతి. మదనపల్లె బజారు వీధిలో మా నాయన అంగడిలో పుట్టి పెరిగినవాణ్ణి. చెప్పిన ధరకు కొన్నవాణ్ణి ఆ వీధిలో మనిషిగా లెక్కపెట్టరు. అందుకే కుప్పంలో ఉన్న మా అక్క మొగుడు మునెప్ప పడవ కొనాలనుకున్నప్పుడు, నేను జన్మలో పడవ ఎక్కలేదన్న సంగతి ఎవరికీ అడ్డు రాలేదు.

తొంభైల చివర్లో ఒక ఏడాది కుప్పం పక్క చెరువు ఎన్నో ఏళ్ల తర్వాత నిండింది. జనం ఆదివారాలు అన్నం మూటలు కట్టుకుని నీళ్లు చూడడానికి పోతున్నారు. చూడడానికే ఇంతమంది వస్తే, ఎక్కించి తిప్పితే ఇంకెంతమంది వస్తారని మా బావకు తోచింది. పాలిచ్చే నాలుగు సీమావులనూ అమ్మేశాడు. మద్రాసుకు ఉత్తరాన సముద్రపు పాయ ఒడ్డున ఒకాయన దగ్గర పన్నెండు మంది పట్టే ఫైబరు పడవ ఉందని కబురు తెచ్చాడు. అక్క ఎస్టీడీ బూతు నుంచి నాకు ఫోను చేసి ఒకటే మాట అంది: "ఇంగ కొట్టంలో ఏమీ లేదు నాయనా. ఆ పడవ రాకపోతే మేము తినేది గాలే."

ఉదయం అయిదుంబావుకు మదనపల్లె బస్టాండులో పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం పోయే బస్సు ఎక్కాను. ఎక్కాను అనడం కంటే నా తువ్వాలు ఎక్కింది అనాలి. ఈ దారిన పోదలచినవారు ఇది గుర్తు పెట్టుకోవాలి: బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసరాలి. అది పడిన సీటు మీది. నా తువ్వాలు పెద్దది కాబట్టి రెండు సీట్లు పట్టింది. పక్కన నిలబడ్డ సోమల ఊరి రైతు ఒకాయన కాసేపు ఓపిక పట్టాడు.

"ఏమప్పా, తువ్వాలికి టికెట్టు తీసినావా?"

"మనిషి పుంగనూర్లో ఎక్కుతాడన్నా."

"అట్లనా. నా కాళ్లు గూడా పుంగనూర్లోనే ఎక్కొచ్చింటే బాగుండు."

పుంగనూరులో ఎక్కిన మనిషి మస్తాన్ భాయ్. బోరుబావుల డీజిలు ఇంజన్లు బాగుచేస్తాడు. పడవ ఇంజను చూడడానికి రమ్మన్నాం. సంచిలో స్పానర్లు గలగలమంటుంటే కూర్చుని, "నీళ్లను పైకి లాగే ఇంజన్లు తెలుసు జీ. నీళ్ల మీద పొయ్యే ఇంజను నేను సూడలే," అన్నాడు. ముగ్గురిలో నిజం చెప్పినవాడు ఆయనొక్కడే.

బైరెడ్డిపల్లె దాటి కుప్పం చేరేసరికి తొమ్మిదిన్నర. బావ స్టేషనులోనే ఉన్నాడు. పదిన్నర రైలుకు జనరల్ టికెట్లు తీశాం. జోలార్‌పేటలో వడలు బాగుంటాయి, కాట్పాడిలో కాఫీ బాగుండదు. సాయంత్రం నాలుగున్నరకు మద్రాసు చేరాం. స్టేషను ఎదుట సందులో లాడ్జీ దొరికింది. ముగ్గురికి ఒక గది చెప్పి, ఫ్యాను తిరగలేదని కొంత, కిటికీ మూసుకోలేదని కొంత తగ్గించాను. ఆ ఫ్యాను బాగుచేయించి ఉంటే రాత్రి నిద్ర పట్టేదేమో.

మర్నాడు ఎనిమిది గంటల లోకల్ రైల్లో గంట ప్రయాణం. దిగగానే ఉప్పు, ఎండుచేపలు, డీజిలు, మూడూ కలిసిన వాసన. పాయ మా మదనపల్లె బజారు వీధి కంటే నాలుగింతల వెడల్పు ఉంటుంది, దాని కంటే రద్దీగా ఉంటుంది. చేపల మరపడవలు, ఇసుక పడవలు, మనుషులను దాటించే చిన్న పడవలు. మధ్యలో అక్కడక్కడా నీలం డ్రమ్ములు తేలుతున్నాయి. వాటిని బోయాలంటారు. అడుగున పెద్ద రాయి, దానికి గొలుసు, గొలుసు కొసన డ్రమ్ము. పడవను దానికి కట్టేస్తే లంగరుతో పనిలేదు. ఒక్కో కుటుంబానికి ఒక్కో బోయా.

పడవ అమ్మే ఆయనతో బేరం రెండు గంటలు సాగింది. ఆ ఘనత ఇక్కడ రాస్తే సొంత డబ్బా అవుతుంది. పడవ మాదైంది. లారీ మాత్రం మర్నాడు పొద్దున ఆరుకు వస్తుంది. పోటు నీళ్లు నిండుగా ఉన్నప్పుడే పడవను రేవు వాలు మీదికి తెచ్చి లారీకి ఎక్కించగలరట; పోటంటే ఏమిటని మేము అడగలేదు. అంటే ఒక పగలూ ఒక రాత్రీ పడవ నీళ్లలో ఉండాలి. అమ్మినాయన తన బోయాను అప్పటికే మేనల్లుడికి ఇచ్చేశాడు.

"లంగరు ఏసుకోండి సామీ. తాడు పది బారలు కొనుక్కోండి," అని చెప్పి వెళ్లిపోయాడు. బార అంటే రెండు చేతులూ చాపినంత.

నేను వెదురు గడతో లోతు కొలిచాను. ఒకటిన్నర బార. రేవులోని తాళ్ల అంగడాయన కూడా పది బారలే అన్నాడు.

"ఒకటిన్నర బార నీళ్లకు పది బారల తాడా? మమ్మల్ని చూస్తే ఏమీ తెలియనోళ్లలా ఉన్నామా?" అన్నాను.

"లంగరు బరువుతో నిలబడదయ్యా. తాడు పొడుగ్గా అడుగున పడుకోవాల. అప్పుడు అది మట్టిని కరుస్తది. పొట్టి తాడైతే లంగరు లేచి కూసుంటది."

సరుకు ఎక్కువ అంటగట్టడానికి అంగళ్లవాళ్లు చెప్పే శాస్త్రం నాకు కొత్త కాదు. మా నాయనే పసుపు గురించి ఇంతకన్నా పెద్ద శాస్త్రం చెప్పేవాడు. ధర మీద ఆయన దిగలేదు, నేను పొడవు మీద దిగాను. పది నుంచి ఎనిమిది, ఎనిమిది నుంచి ఆరు. చివరికి నాలుగు బారలు తీసుకుని, దానితోనే లంగరు వేయించి, ఆరు బారల డబ్బు మిగిల్చానని బావ భుజం తట్టాను.

నేను కొలిచింది మధ్యాహ్నం పన్నెండుకు, పాటుకు నీళ్లు పూర్తిగా దిగినప్పుడు. నీళ్లు తిరిగి ఎక్కుతాయన్న ఆలోచనే మా ముగ్గురికీ రాలేదు. మా తాలూకాలో ఎవరికి వస్తుంది? మేము పుట్టినప్పటి నుంచి చూసింది నీళ్లు దిగడమే. బావి దిగింది, బోరు దిగింది, చెరువు దిగింది. ఎవరూ గంట చూసుకుని నీళ్ల కోసం కాచుకున్నది లేదు.

ఒంటిగంటన్నరకు పోటు మొదలైంది. సముద్రం వైపు నుంచి నీళ్లు బుసబుసమంటూ పాయలోకి వచ్చాయి. పడవ పైకి లేచింది, దాంతో లంగరూ లేచింది. మేము పడవలో ఉండగానే ఎదుటి ఒడ్డు కదలడం మొదలుపెట్టింది.

"బామ్మర్దీ, ఒడ్డు పోతాండాదే!"

"ఒడ్డు కాదు బావా, మనమే."

వరసగా కట్టిన ఇసుక పడవల వైపు మా పడవ అడ్డంగా పోతోంది. అవి ఇనుముతో చేసినవి, మాది ఫైబరు. మస్తాన్ భాయ్ ఇంజను తాడు లాగాడు. అది దగ్గింది. మళ్లీ లాగాడు, మళ్లీ దగ్గింది. "దీనికి జలుబు జీ!" అని అరిచాడు. ఇసుక పడవల మీది నుంచి నాలుగు భాషల్లో తిట్లు వచ్చాయి. అప్పుడే ఒక నీలం డ్రమ్ము పక్కన కనిపించింది. బావ నడుం దాకా బయటికి వంగి, తాడు తెంచుకున్న పెయ్యను పట్టినట్టు దాన్ని కావలించుకున్నాడు. నేను అతని పంచె పట్టుకున్నాను. పంచె ఊడింది గానీ పడవ ఆగింది. ఎలాగో డ్రమ్ము కడియానికి కట్టేశాం.

మనుషులను దాటించే ముసలాయన మెల్లగా తెడ్డు వేసుకుంటూ వచ్చాడు.

"ఖాళీ బోయా ఎవురైనా కట్టుకోవచ్చు. తప్పులేదు. అసలోళ్లు వస్తే మారుమాట లేకుండా ఇప్పెయ్యాల. పడవని మటుకు ఒంటిగా ఇడవొద్దు. మనిషుంటేనే అరువు, లేకుంటే దొంగతనం."

మేము తల ఊపాం. మూడు గంటలయింది, పొద్దున తిన్న ఇడ్లీ ఎప్పుడో అయిపోయింది. చుట్టూ చూస్తే బోయాలన్నీ ఖాళీ. ఇన్ని ఖాళీగా ఉంటే ఇదొక్కటి ఎవరికి కావాలి? మధ్యాహ్నం బస్టాండుకు పోయి, ఈ బస్సులెప్పుడూ ఇంత ఖాళీగానే ఉంటాయనుకున్నవాడి తెలివి నాది. అయినా జాగ్రత్తపరుణ్ణి కాబట్టి నా పసుపు తువ్వాలు డ్రమ్ము కడియానికి కట్టాను.

"దీన్ని సూస్తే ఎవరూ ముట్టుకోరు బావా. పెట్టిన మనిషి వస్తాడని తెలుస్తాది."

"ఈడోళ్లకి తెలుస్తాదా?"

"తువ్వాలు తెలీని దేశముంటాదా?"

ముసలాయన పడవలోనే ఒడ్డుకు వచ్చి, చేపల పులుసుతో భోజనం చేశాం. పులుసు అమోఘం. అన్నం రెండోసారి అడిగి వేయించుకున్నాను.

నాలుగుంబావుకు రేవుకు తిరిగి వస్తే పాయ నిండిపోయి ఉంది. పోటుతోపాటు మరపడవలన్నీ ఒక్కసారిగా సముద్రం నుంచి వచ్చాయి. ఒక్క బోయా ఖాళీ లేదు. మా డ్రమ్ము దగ్గర పెద్ద ఎర్ర పడవ నిలబడి ఉంది. మాది లేదు.

బావ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. రేవు మెట్టు మీద, చేపల పొలుసుల మధ్య కూర్చుండిపోయాడు. "ఎర్రావు అయితే కట్టు తెంచుకున్నా ఇంటికొచ్చేది," అన్నాడు. తర్వాత, "మీ అక్కకి ఏం సెప్పేది?" అన్నాడు. మస్తాన్ భాయ్ టోపీ సర్దుకుని పెదాలు కదుపుతున్నాడు. నేను మనసులో ఇసుక పడవలవాళ్లతో బేరం మొదలుపెట్టేశాను, వెతికిపెడితే ఎంత తీసుకుంటారని. అదొక్కటే తెలుసు నాకు.

"పసుపు తువ్వాలు ఎవురిదయ్యా?"

ఒడ్డున చేపలు ఏరుతున్న ఒకామె నా తువ్వాలును గాలిలో తిప్పుతోంది. కావమ్మ ఆమె పేరు. ఎర్ర పడవ వాళ్లది. మొగుడూ కొడుకులూ పడవలో వల విదిలిస్తున్నారు.

"నాదేనమ్మా."

"ఎవురో ఆడది సీర మర్సిపోయింది అనుకుంటి. డ్రమ్ముకి తువ్వాలు కట్టి పొయ్యేది ఏ ఊరయ్యా?"

"మదనపల్లె."

"ఆడ సముద్రం ఉండాదా?"

"లేదమ్మా. టమాటాలుండాయి."

ఆమె నవ్వలేదు. "మా ఆయన వచ్చేసరికి నీ పడవలో మనిషి లేడు. మనిషుంటే ఇప్పుకుని పొమ్మనేవోడు. ఖాళీ పడవని పోటులో ఇప్పితే అది ఇసక పడవల కింద పడి పొడి అవుతాది. అరగంటసేపు చేపలు దించకుండా నీ పడవని కట్టుకున్నాడు. చేపల మీది ఐసు కరిగిపోయినాది. సూడు, ఆ ఎనక."

ఎర్ర పడవ వెనక, దాని నీడలో, దూడలా మా పడవ ఊగుతోంది. దాని తాడు కొత్తది, పొడుగ్గా ఉంది. అది కావమ్మ వాళ్ల తాడు.

బావ లేచి నిలబడి మళ్లీ కూర్చున్నాడు. నేను జేబులో చెయ్యి పెట్టాను.

"బోయాకు బాడిగ ఎంతమ్మా? నష్టం కూడా కలిపి చెప్పు."

"బాడిగా?" ఆమె మొగుడి వైపు తిరిగి అరిచింది. "ఇదిగో, ఈయన బోయాకి బాడిగిస్తాడంట!" పడవ మీది వాళ్లంతా నవ్వారు. "నా కొడుకు గాలివానలో ఇంకో రేవుకి పోతే ఆడ బోయా ఎవురిస్తారు? నేను బాడిగ తీసుకున్నానని తెలిస్తే వాడి దగ్గిరా తీసుకుంటారు. జేబులోంచి చెయ్యి తియ్యి."

కనీసం ఐసు ఖర్చయినా అన్నాను. "నువ్వు మాట్లాడే కొద్దీ నా చేపలు చెడతాండాయి," అంది. జీవితంలో మొదటిసారి అవతలి మనిషి సున్నా దగ్గర నిలబడి కదలనంది. దానికింద ఎలా దిగాలో మా వీధిలో ఎవరూ నేర్పలేదు.

ఆ రాత్రి బావ పడవలోనే ఉన్నాడు. నేనూ మస్తాన్ భాయ్ మద్రాసు లాడ్జీలో దోమలతో ఉండి తొలి రైలుకు వచ్చాం కాబట్టి అక్కడి సంగతులు రాయలేను. కావమ్మ కొడుకులు అతనికి అన్నం పెట్టారని, ముడి వేయడం, విప్పడం నేర్పారని మాత్రం తెలుసు. పొద్దున ఆరున్నరకు నిండు పోటులో ఎర్ర పడవే మా పడవను వాలు దాకా లాగి తెచ్చింది. పదిమంది భుజం పట్టి లారీ ఎక్కించారు. వాళ్లకు టీలు ఇప్పించాను. ఆ టీలకు బేరమాడలేదని సవినయంగా మనవి.

లారీ చిత్తూరు దాటి మొగిలి ఘాటు ఎక్కుతుంటే దారిన పోయేవాళ్లంతా ఆగి చూశారు. పడవ ముక్కు ఆకాశం వైపు, మా బావ అందులో. డ్రైవరు టీకి ఆపినప్పుడల్లా పిలిచాడు.

"దిగప్పా, ముందర కూకో. లారీ మింద పడవ యాడికి పోతాది?"

"యాడికీ పోదులే. ఒంటిగా ఇడిసేది లేదు."

పలమనేరులో నేనూ మస్తాన్ భాయ్ దిగి పుంగనూరు బస్సు పట్టుకున్నాం. మధ్యాహ్నం మూడు గంటలు. లారీ బైరెడ్డిపల్లె రోడ్డుకు తిరిగింది. ఎండిన వేరుశనగ చేల మీదుగా పడవలో నిలబడ్డ బావ తలపాగా చాలా దూరం కనిపించింది. బస్సులో కిటికీ పక్కన కూర్చున్న ముసలాయన కూడా మెడ తిప్పి అదే చూస్తున్నాడు.

"ఆ పడవ యాడికప్పా?"

"కుప్పానికి పెద్దాయనా. మా బావది. చెరువులో జనాన్ని తిప్పుతాడు."

"నీళ్లుండాయా?"

"ఈ యేడు ఉండాయి."

"మళ్లేడు?"

ఆ పాయలో నీళ్లు రోజుకు రెండుసార్లు పోతాయి, రెండుసార్లు వస్తాయి. ఏ పూటకు ఎంత వస్తాయో కావమ్మ చేపలు ఏరుకుంటూ తలెత్తకుండా చెప్పగలదు. మా వైపు పోయిన నీళ్లు ఎప్పుడొస్తాయని అడగడానికి మనిషి లేడు. పోనీ బేరమాడదామన్నా, అవతల కూర్చున్నవాడే లేడు.