ఎదురుకోళ్లల్ల నేనూదిన పెద్ద బాజా

మా అవ్వ మీద ఒట్టు, ఇందుల ఒక్క అక్షరం కూడ కల్పించింది కాదు. కల్పిస్తే నా పెదవులకు మళ్ల చాయ కప్పు అందకుండ పోవాలె.

మాది రేగొండ దిక్కు. పిల్లనిచ్చిన మామది స్టేషన్ ఘన్‌పూర్. పెండ్లయిన కొత్తల ఆయన ముందు జర గొప్పగ కనపడాలని ఒక మాట అన్న. చదువుకునే రోజుల్ల భూపాలపల్లిల జెండా పండుగకు బ్యాండు మేళంల ముందు వరుసల నడిచిన్నని, నేనూదుతుంటే పరేడంత నా అడుగుకే అడుగేసిందని. నడిచిన మాట నిజమే. చేతుల ఉన్నది మాత్రం బాజా కాదు, ఎండకు సొమ్మసిల్లెటోళ్ల కోసం నీళ్ల బకెట్. ఆ సంగతి మా ఇంటామెకు తప్ప ఎవ్వలకు తెల్వదు.

మామ మాట తక్కువ మనిషి. అప్పుడు విని తలూపిండు. మొన్న మా బామ్మర్ది బిడ్డ పెండ్లి దాక మళ్ల ఆ ఊసే ఎత్తలేదు.

పెండ్లికొడుకోళ్లు మహబూబాబాద్ నుంచి, మేమైతే మానుకోట అనే అంటం, వచ్చి ఊరు మొదట్ల ఆగిండ్రు. మేం మేళంతోని ఎదురుపోయి పిలుచుకొని రావాలె. ఎదురుకోళ్లంటే గదే. డోళ్లోళ్లు వచ్చిండ్రు, క్లారినెట్ ఊదే మాస్టర్ వచ్చిండు. మిగిలిన ఊదెటోళ్ల బస్సు జనగామల చెడిపోయింది. వాళ్ల బాజాలు మాత్రం డోళ్లతోపాటు ఆటోల ముందే వచ్చి అరుగు మీద మెరుస్తున్నయి.

"గీ ఒక్క పీకతోని పోతే మానుకోటోళ్ల ముందు మన ఇజ్జత్ ఏం గావాలె?" అన్నడు బామ్మర్ది.

మామ నా దిక్కు చూసిండు. నేను ఆకాశం దిక్కు చూసిన.

"మా అల్లుడు ఊదుతడు" అన్నడు.

అందరు నన్నే చూస్తున్నరు. ఇంటామె పక్కకొచ్చి మెల్లగ, "నిజం చెప్పి బయటపడరాదు. మా బాపు ఏమనడు" అన్నది.

ఏమనడు. నా భయమే గది. తిట్టెటోడైతే తిట్లు పడి ఊకుందును. ఈయన ఒక్క మాట అనడు, కానీ ఇగ నేను బతికినన్ని రోజులు ఏం చెప్పినా తలూపడు. ఆ ఇంట్ల నా కథలకు తలూపేది ఆయనొక్కడే.

"ఏది తీసుకుంటవన్నా?" అని అడిగిండు మాస్టర్.

ట్రంపెట్ చూసిన. పిడికెడంత ఉంది, నా మూతి మొత్తం లోకానికి కనపడతది. తప్పు కూత కూస్తే వరంగల్ దాక ఇనపడతది. సాక్సోఫోన్ చూసిన. ఒంటి నిండ మీటలే, లెక్కబెట్టక ముందే చెమటలు పట్టినయి. ఆ చివరకు గంగాళమంత ఇత్తడి నోరు తెరుచుకొని పెద్ద బాజా ఉంది. దీనెనక మనిషి దాక్కోవచ్చు. ఎత్తుకున్న. ఆ ఇత్తడి నోట్లనే మూతి పెట్టబోయిన.

"అన్నా, మూతి పెట్టేది గిటు దిక్కు" అన్నడు మాస్టర్. ఒక్క నిమిషం నన్ను చూసి గొంతు తగ్గించిండు. "ఎన్నడన్న ఊదినవా?"

"ఇన్నేండ్లు డబ్బా కొట్టుడే తమ్మీ."

"కొట్టెటోళ్లు నాకు మస్తుమంది ఉన్నరు. సరే, బుగ్గలు ఉబ్బియ్యి, గాలి మాత్రం ఇడువకు."

బయలుదేరినం. ఎడమ కాలు ఎప్పుడు, కుడి కాలు ఎప్పుడు, అంత కలగాపులగం. బుగ్గలు గుంజుతున్నయి. పొమ్మన్నా పోకుండ మామ నా పక్కపొంటే నడుస్తున్నడు, చెవి బాజా నోటి దగ్గర పెట్టి. పెండ్లికొడుకు గుర్రమెక్కి ఎదురుంగ వస్తున్నడు.

"అల్లుడా," అన్నడు మామ నిమ్మళంగ, "ఇనొస్తలేదు."

ఆ మాటకు ఉలిక్కిపడ్డ. పట్టుకున్న గాలంత ఒక్కసారే బాజాలకు పోయింది. ఏం కూత కూసిందో నాకే తెల్వదు. గుర్రం చెవులు రిక్కించింది. ముందుకాళ్లు లేపి, నా కూతకు అడుగులేసుకుంట వచ్చి, నా ముందర తల వంచి నిలబడ్డది. మానుకోటోళ్లు చప్పట్లు కొట్టిండ్రు. మామ తలూపిండు.

అవ్వ మీద ఒట్టు పెట్టిన గనుక ఇగ చెప్పక తప్పదు. గుర్రం అబద్ధం. పెండ్లికొడుకు వచ్చింది కారుల. నేనూదంగనే డ్రైవర్ గట్టిగ బ్రేకేసి, తల బయటపెట్టి, "జర ఆ బర్రెను పక్కకు కొట్టుండ్రి" అన్నడు. మామ తలూపింది ఆ డ్రైవర్‌కు.

తర్వాత నా చేతులకెళ్లి బాజా తీసి మాస్టర్‌కిచ్చిండు. మానుకోటోళ్లు ఎండల నిలబడి ఉన్నరు.

"బకెట్ తెచ్చుకో పో అల్లుడా," అన్నడు, "అది నీకు మంచిగ వస్తది."

ఇంటామె నా దిక్కు చూడకుండ అప్పుడే కొప్పుల పూలు సర్దుకునే పనిల పడ్డది. నేను నీళ్లు పంచిన. భయం మాత్రం అప్పుడు పోయింది, ఇది కల్పించింది కాదు. ఆయనకు మొదటి నుంచి ఎరుకే. ఎరుకుండే ఇన్నేండ్లు తలూపిండు.