కల్లుమడ్డి తిన్న బర్రె

మొన్న బోధన్‌లో దాణా కొనడానికి పోతే, దుకాణం నడిపే కుర్రాడు తళతళలాడే పొట్లం ఒకటి నా చేతిలో పెట్టాడు. ఈస్ట్ పొడి అట. కంటికి కనపడని మంచి జీవులు అందులో ఉంటాయట, అవి కడుపులోకి పోతే బర్రె బాగా నెమరు వేస్తుందట. "మీ కాలంల గివన్ని తెల్వకుండె గద అవ్వా" అన్నాడు నవ్వుతూ. పాపం, అతని తప్పేమీ లేదు. కానీ నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పొట్లం అక్కడే పడేసి, దాణా కూడా కొనకుండా వచ్చేశాను.

నేను ఆ చుట్టుపక్కల ఒక ఊరికి కోడలిగా వచ్చింది డెబ్బైల మొదట్లో. ఎటు చూసినా చెరుకే. చక్కెర ఫ్యాక్టరీ ఆడే నెలల్లో గాలి కూడా తియ్యగా, కాస్త పులిసినట్టు ఉండేది. చెరుకు కొసలు మేసి మేసి బర్రెల కడుపులు మందగించేవి. అప్పుడు మా అత్త కల్లుకుండ అడుగున మిగిలే తెల్లటి మడ్డి తెప్పించి, తవుడులో కలిపి పెట్టేది. మొదటిసారి చూసినప్పుడు బర్రె తూలుతుందేమోనని కొట్టం గడపలో నిలబడి కాపలా కాశాను. అది తూలలేదు, కళ్లు అరమూసుకుని హాయిగా నెమరు వేసింది. "దానికి నిషా ఎక్కదే, ఆకలైతది" అంది అత్త. ఆమెకు అక్షరం ముక్క రాదు. బర్రె డొక్కకు పిడికిలి ఆనించి, లోపల కడుపు కదులుతున్నదో లేదో చెప్పేది.

మా చిన్నమామ, అంటే అత్తకు మరిది, ఊళ్లో పాలకేంద్రం చూసేవాడు. ఒకరోజు పదిమందిలో అత్త పాలగిన్నె పక్కకు నెట్టాడు. "కల్లు తాపిన బర్రె పాలు మాకొద్దు వదినె. మన ఇజ్జత్ పోతది." పాలు వాసన చూడలేదు, నాలుకకు తాకించలేదు. అత్త గిన్నె నెత్తిన పెట్టుకుని వచ్చింది. ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు.

నెల తిరక్కుండానే చిన్నమామ బర్రె కట్టు తెంపుకుని జొన్నలు మెక్కి, కడుపు ఉబ్బి పడిపోయింది. డాక్టర్ వచ్చి సూది వేసి ప్రాణం నిలబెట్టాడు గానీ, మూడు రోజులైనా అది నెమరు వేయలేదు. చిన్నమామ తను రాలేదు, పెళ్లాన్ని పంపాడు. నేను "పోకు అత్తా" అన్నాను. "బర్రె నన్నేమన్నదే?" అని లేచింది. మా బర్రె నెమరు వేస్తుంటే దాని నోట్లో చెయ్యి పెట్టి ముద్ద లాగి, ఆముదపు ఆకులో చుట్టి నా చేతికిచ్చింది. "సల్లారకముందే ఉరుకు!" వేడివేడిగా, పుల్లటి కంపు కొడుతున్న ఆ పొట్లం పట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుని పరుగెత్తాను. వెనకే వచ్చిన అత్త ఆ ముద్దను మడ్డితో కలిపి చిన్నమామ బర్రె నాలుక వెనక్కి తోసింది. రెండు రోజులు పొద్దున, సాయంత్రం అదే పని. మూడోనాడు ఆ బర్రె దవడలు ఆడాయి. అత్త దాని మెడ మీద వాలి ఏడ్చింది.

మర్నాటి నుంచి చిన్నమామ మా పాలు తీసుకున్నాడు, ఏమీ జరగనట్టే. పాలకేంద్రం దగ్గర ఎవరో బర్రె సంగతి అడిగితే, "డాక్టర్ సూదే పనిజేసింది" అన్నాడు. వరుసలో నేనున్నాను. కొత్త కోడలిని, మామ ముందు గొంతెత్తకూడదు. ఎత్తాను.

"సూది పానం నిలవెట్టింది మామా. నెమరు దెచ్చింది మా అత్త చెయ్యి. కల్లుమడ్డి మీ బర్రె గూడ తిన్నది గద? గా పాలు గూడ పారబోయున్రి మరి!"

ఎవరో కిసుక్కున నవ్వారు. చిన్నమామ మొహం కందిపోయింది. "పెద్దల మీద నోరు లేపుతవా?" అన్నాడు.

ఇంటికి వస్తే అత్త నన్నే తిట్టింది. కానీ ఆ రోజు నుంచి కేంద్రానికి చుక్క పాలు పంపలేదు. పెరుగు చేసి బోధన్‌లో అమ్మింది. చిన్నమామ చనిపోయేదాకా సూది మాటే చెప్పాడు. అత్త కూడా పోయింది, "నువ్వు చేసింది సరే" అన్న మాట ఒక్కరి నోటా వినకుండానే. నిజం ఎప్పటికైనా బయటపడుతుందంటారు. పడిందిలెండి, యాభై ఏళ్లకు, ఆ తళతళలాడే పొట్లంలో: మా అత్త పెట్టిన కల్లుమడ్డిలో ఉన్నదీ ఆ ఈస్టే. అది వినాల్సిన మనిషి బతికుండగా రాని కాలాన్ని నేనెందుకు క్షమించాలి?