మా ఆయన పేరు మీద మడత సైకిలు

పంతొమ్మిదొందల డెబ్బైల్లో మాట. మోకాళ్లు అరిగిపోయి, చేపల గంపతో ఊళ్లు నడవలేక, బందరు నుంచి బస్సెక్కి విజయవాడ పోయాను. గవర్నర్‌పేటలో ఒక సైకిలు షాపులోకి మడత సైకిలు వచ్చిందని విన్నాను. మడిచి బస్సులో వేసుకోవచ్చు, దిగాక కాలవ గట్టున దూరపు ఊళ్లకి తొక్కుకుపోవచ్చు. అది పనికిరాకపోతే చేపల బేరం మానుకుని మూల కూర్చోవాల్సిందే.

"బరువెంతండీ? నేనెత్తగలనా?" అని అడిగాను.

షాపాయన నా వైపు చూడకుండా, పక్కనున్న మగమనిషితో, "తేలికేనండీ, మీ ఆవిడ ఎత్తగలదు" అన్నాడు.

"మా ఆవిడ కాదండీ బాబూ! నేను గాలి కొట్టించుకోడానికొచ్చాను."

"పోనీ, ఆవిడకి సరిపోద్దో లేదో మీరే తొక్కి చూడండి."

ఆ మహానుభావుడు నిజంగానే ఎక్కాడు.

"దిగవయ్యా, మోకాళ్లు నావి!" అని లాక్కుని వీధి చివరిదాకా తొక్కి వచ్చాను. మోకాలు కిక్కురుమనలేదు. మడిచి ఒంటిచేత్తో ఎత్తి, ఇదే కావాలన్నాను.

బిల్లు రాయడానికి పేరడిగితే నా పేరు చెప్పాను.

"అది కాదమ్మా, మీవారి పేరు."

"ఆయన పోయి ఆరేళ్లయిందండీ."

"మనిషి పోతే పేరు పోద్దా అమ్మా? చెప్పండి."

చెప్పాను. బతికుండగా నేనెంత నేర్పినా, సైకిలెక్కగానే కాలవలో పడేవాడు మా ఆయన. పోయాక ఆ షాపాయన దయవల్ల సైకిలు ఆసామి అయ్యాడు. ఆయన సైకిలు మీద ఊళ్లన్నీ తిరిగి చేపలమ్మింది మాత్రం నేనే.