కాకి ముట్టందే కదలనన్న పెద్దమ్మ

పోయిన గురువారం అమెరికాలో, ఎడిసన్‌లో మా పెద్దమ్మ, అమ్మకి సొంత అక్క, కన్నుమూసింది. మా అక్క ఫోన్ చేసి చెబితే నా నోట ముందు వచ్చిన మాట, "అదేంటే, ఎక్కడికీ టైమ్‌కి బయల్దేరని మనిషి కదా!" ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

ఆవిడతో ప్రయాణమంటే ప్రాణం తోడేసేది. పెళ్లిళ్లకి తాళి కట్టాక చేరేవాళ్లం. తొందర పెడితే, "ఏమే, బస్సు కోసం పుట్టామా మనం?" అనేది. డాక్టరుగా హాస్పిటల్‌కి మాత్రం ఏనాడూ లేటవలేదట. ఆ లేటంతా మాకోసం దాచిపెట్టిందన్నమాట! ఇప్పుడిక ఎవరి మీద విసుక్కోను?

రెండేళ్ల కిందట ఇద్దరం ఇంగ్లండ్ వెళ్లాం. లండన్ నుంచి ఒక్కరోజు బస్సు టూరు: రాతి ఇళ్ల పల్లెలు, పాత చర్చిలు. నాకు ఊళ్లన్నీ చూడాలని. ఆవిడకి ఒక్కటే పని. అమెరికా రాకముందు అక్కడ ఉద్యోగం చేసిన రోజుల్లో, ఎవరూ గది ఇవ్వనప్పుడు ఇచ్చిన ఇల్లుగలావిడ సమాధి చూడాలి. సరేనన్నాను. కానీ దారిలో చర్చి కనబడితే చాలు, బూట్లు విప్పేసి తడిగడ్డిలో మూడు ప్రదక్షిణలు! "గుడికొచ్చి చుట్టూ తిరక్కుండా పోతారుటే?" బస్సులో అందరూ కిటికీల్లోంచి చూస్తుంటే నాకు తల కొట్టేసినట్టయింది.

చివరి ఊళ్లో, చర్చి వెనక, సమాధి దొరికింది. హమ్మయ్య అనుకునేలోపు హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పులిహోర పొట్లం తీసింది. ఇల్లుగలావిడకి మహా ఇష్టమట. విప్పి గడ్డి మీద పెట్టి, "కాకి ముట్టందే కదలను" అంది.

"పెద్దమ్మా, బస్ మిస్సవుతాం! రేపు పొద్దున్నే ఫ్లైట్!"

"ఉండవే. ఆవిడకేదో కోరిక మిగిలిపోయింది. అందుకే ముట్టట్లేదు."

పైన గోపురం చుట్టూ బోలెడు కాకులు. ఒక్కటీ దిగదే! అవతల డ్రైవర్ హారన్ మీద హారన్ కొడుతున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "ఆ కోరికేదో త్వరగా కనుక్కో, తల్లీ!" అని అరిచాను.

పెద్దమ్మ కాసేపు ఆలోచించింది. ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుని సమాధి ముందుకి లాగింది.

"పిల్లలు పుట్టాక తీసుకొచ్చి చూపించమన్నావుగా" అంది ఆ రాయితో, తెలుగులోనే.

పెద్దమ్మకి పిల్లల్లేరు.

"ఇదిగో, నా కూతురు."

బస్సు వెళ్లిపోతున్న చప్పుడు వినిపించింది. ఒక కాకి దిగి, అటూ ఇటూ చూసుకుంటూ పులిహోర దగ్గరికి వచ్చింది. పెద్దమ్మ నా చెయ్యి వదల్లేదు. నేనూ విడిపించుకోలేదు.